ఎవరినీ దాటని బండి

అనకాపల్లి దగ్గర నాకు లారీలకు బాడీలు కట్టే షెడ్డు ఉంది. ముప్ఫై ఏళ్ళుగా చాసిస్ మీద చెక్కా రేకూ బిగించి పంపడమే పని. రెండేళ్ళ నుంచి కొత్త రకం బేరాలు వస్తున్నాయి. విశాఖపట్నంలో కంప్యూటర్ ఉద్యోగాలు చేసే కుర్రాళ్ళు తుక్కులో పడున్న పాత వ్యాన్లు కొని తెచ్చి, "అంకుల్, ఇందులో మంచం, పొయ్యి పెట్టండి, అరకు వెళ్ళి పడుకోవాలి" అంటారు. ఒకడైతే కొత్తరంగు వేయించి మళ్ళీ దాన్ని గీకించాడు. పాతగా కనబడాలట. గీకినందుకు విడిగా కూలి తీసుకున్నాను, ఊరికే ఎందుకు గీకుతాను?

మొదట్లో నవ్వుకున్నాను. తర్వాత ఆ పిచ్చి నాకే అంటుకుంది. రాత్రి భోంచేసి ఫోన్లో పాత బళ్ళ వీడియోలు చూడటం మొదలెట్టాను. అలా చూస్తుంటే ఒకరోజు యాంగాన్ నుంచి ఒక వీడియో వచ్చింది. టేకు బాడీ ఉన్న పాత బండి, లోపల మడత మంచాలు, వెనక తలుపు కిందికి దించితే వంటగట్టు. దాని పక్కన ఒక ముసలావిడ నిలబడి, "ఏటి సూస్తారు, సెక్కే గదా" అంటోంది. తెలుగు! అదీ మా వైపు తెలుగు. వీడియో పెట్టింది ఆవిడ మనవరాలు సూ. ఆ అమ్మాయికి రాస్తే వాళ్ళ తాత ఫోన్ చేశాడు. "సూడాలంటే బేగి రా బాబూ. అమ్మీబోతన్నాను" అన్నాడు.

మా ఊళ్ళో పాతవాళ్ళు బర్మాలోని ఆ ఊరిని రంగం అనేవారు. రంగం వెళ్ళినవాళ్ళ కథలు విన్నాను గాని, ఓ పాత బండిని చూడటానికి రంగం వెళ్ళినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. "ఇంట్లో కుక్కర్ హ్యాండిల్ బిగించడానికి తీరికలేదు గాని" అని నా భార్య అంది. అన్నా టికెట్ తీసేశాను.

తాకేటా

ఊరి నడిబొడ్డున లాడ్జిలో దిగి, పొద్దున్నే టాక్సీ ఎక్కి పజున్‌డౌంగ్ కాలువ దాటితే తాకేటా. చిన్న చిన్న వర్క్‌షాపులు, రేకుల ఇళ్ళు, మొహానికి తనాకా గంధం రాసుకుని బడికి పోతున్న పిల్లలు. ఊళ్ళో హారన్ కొట్టకూడదట. ఇన్ని బళ్ళు ఇంత నిశ్శబ్దంగా పోతుంటే నాకు చెవుల్లో దూది పెట్టుకున్నట్టుంది. రూపాయికి వాళ్ళ చ్యాట్‌లు యాభై దాకా వస్తాయి. టాక్సీవాడు పన్నెండువేలు అంటే గుండె ఆగినంత పనయింది, లెక్క కడితే రెండొందల నలభై.

సింహాచలం గారికి డెబ్భై రెండు. లుంగీ, బనీను, చెవుల మీద తెల్లవెంట్రుకలు. భార్య పైడమ్మ. వీధిలో వాళ్ళని ఊ సింహాచలం, డా పైడమ్మ అంటారు. ఊ అంటే పెద్దాయన, డా అంటే పెద్దావిడ. వాళ్ళ తాతలు శ్రీకాకుళం నుంచి అహ్లోన్ రేవులో బియ్యం బస్తాలు మొయ్యడానికి వచ్చారు. సూ ఫోన్ల దుకాణంలో పనిచేస్తుంది. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం సగం బర్మీస్‌లో వస్తుంది.

"ఏ ఊరు బాబూ మీది?" అని పైడమ్మ అడిగింది. చెప్పాను.

"అయితే నాను నీకు అప్పనవుతాను. ఈయన బావ. ఇంక గారూ గీరూ వొద్దు, తిను" అంది. మా వైపు అప్ప అంటే అక్క.

తిన్నాను. అన్నం, చేపల పులుసు. చేపల్ని ఉప్పులో పులియబెట్టి నూరిన ముద్దను వాళ్ళు నప్పి అంటారు, అది కూడా పులుసులో పడింది. వాసనకి మొదట వెనక్కి జరిగాను, రెండోసారి నేనే అడిగి వేయించుకున్నాను.

తర్వాత బండి చూపించారు. యుద్ధమప్పుడు వదిలేసిపోయిన మిలిటరీ లారీ చాసిస్ అది. ఇంజిన్ తర్వాత ఎప్పుడో వేసిన జపాన్ డీజిల్. బాడీ మొత్తం బావ వాళ్ళ నాన్న కట్టిన టేకు. ఆయన రేవులో బస్తాలు మోసి మోసి వడ్రంగి అయిన మనిషి. మంచాలకు బందులు లేవు, చెక్క మేకులు. "వానకి మేకు ఉబ్బి గట్టిగా పట్టీసుకుంటాది. ఇనుమైతే తుప్పట్టీదును" అన్నాడు బావ. వంటగట్టులో గిన్నెలకు తవ్విన గుంతలు, వాటి చుట్టూ కొబ్బరిపీచు చుట్టలు, కుదుపుకి చప్పుడు రాకుండా. పైన నీళ్ళ పీపా, ఎండకి వేడెక్కుతుంది. నేను అరకు కుర్రాళ్ళకి అరవైవేలకి అమ్మిన సింకు గుర్తొచ్చి సిగ్గేసింది.

ఎడమ పక్క గోడలో ఒక తలుపు మూసేసి ఉంది. ఆ గూట్లో అమ్మవారి పటం, బుద్ధుడి బొమ్మ పక్కపక్కన ఉన్నాయి. "ఒకప్పుడు ఈ దేశంలోనూ మీలాగే ఎడం పక్కే నడిపీవోళ్ళు. ఒకరోజు కుడికి మార్చీమన్నారు. తలుపు రోడ్డు నడిమికి తెరుచుకుంటే జనం సచ్చిపోరా? నాన్న ఇటు మూసీసి అటు కోసినాడు. ఖాళీ గూడు ఎందుకని దేవుణ్ణెట్టినాడు" అన్నాడు.

తలుపు మారింది గాని స్టీరింగు మారలేదు. అది కుడివైపే ఉండిపోయింది. అంటే నడిపేవాడు రోడ్డు అంచున కూర్చుంటాడు. ముందు లారీ ఉంటే ఎదురుగా ఏమొస్తుందో అతనికి కనబడదు. ఎడమ సీట్లో ఉన్నవాళ్ళు చూసి చెప్పాలి. నలభై ఏళ్ళుగా ఆ సీటు పైడమ్మది. ఈ బండిలో పదిహేను మంది యాత్రికుల్ని ఎక్కించుకుని, మూడు రోజులు నాలుగు రోజులు పగోడాలకీ అమ్మవారి గుళ్ళకీ తిప్పేవాళ్ళు. ఆవిడ వండేది, దారి చెప్పేది.

"ఆ నోరు మంచిది గాబట్టి బతికున్నాం" అని బావ అన్నాడు.

టీ కొట్టు

మర్నాడు సూ నన్ను టీ కొట్టుకి తీసుకెళ్ళింది. మనకి అంగన్‌వాడీలో ఉండేంత చిన్న కుర్చీలు. నా సైజు మనిషి కూర్చుంటే లేవడానికి ఇద్దరు కావాలి. చేపల పులుసులాంటి చారులో సేమియా వేసిచ్చే మొహింగా మూడువేలు, టీ పదిహేనువందలు. చెయ్యెత్తి పిలిచాను, ఎవరూ రాలేదు. సూ నోటితో ముద్దు పెట్టుకున్నట్టు చప్పుడు చేసింది, సర్వరు పరుగెత్తుకొచ్చాడు. ఇక్కడ పిలుపు అదేనట. మా అనకాపల్లిలో ఆ చప్పుడు చేస్తే చెప్పు తెగుతుంది. నేనూ ప్రయత్నించాను. సర్వరు రాలేదు గాని పక్క బల్ల దగ్గర పెద్దావిడ తిరిగి చూసింది.

అక్కడే బండి కొనబోయే కో మిన్ కలిశాడు. ముప్ఫై ఏళ్ళుండవు, మర్యాదస్థుడు. ఇన్యా చెరువు వైపు ఒక తోటలో కాఫీ హోటలు పెడుతున్నాడు. ఆదివారం క్రేన్ లారీ తెచ్చి బండిని తీసుకుపోతాడు. ఇంజిన్ తీసేసి, చక్రాలు కోసేసి, ఇటుకల మీద నిలబెట్టి, లోపల కాఫీ అమ్ముతాడు. టేకుని ముట్టుకోనని ఒట్టేశాడు. "వాళ్ళు కాళ్ళు తీసేసి మొహం ఉంచుతున్నారు" అంది సూ, మొదటిసారి పూర్తి వాక్యం తెలుగులో.

"మరి తాత ఎందుకు అమ్ముతున్నాడమ్మా?"

"తాత, డీజిల్ కోసం లైన్లో నిలబడలేను అంటాడు. అమ్మమ్మ, తాతకి వయసు అంటుంది. ఏది నిజమో నాకూ తెలీదు" అంది.

అమ్మేలోగా ఒక్కసారి చౌక్‌తాన్ వెళ్ళి రావాలని పైడమ్మ పట్టుబట్టింది. అక్కడ నది నడుమ పగోడా ఉంది, ఒడ్డున వాళ్ళు ఎప్పుడూ బండి ఆపి వండుకునే చోటు ఉంది. శుక్రవారం వెళ్దాం, తమ్ముడూ వస్తాడు అంది.

వంతెన అవతల

తాకేటా నుంచి వంతెన దాటితే తాన్లిన్. వంతెన దగ్గర చెక్‌పోస్టులో ఆపి కాగితాలు చూశారు. నా పాస్‌పోర్టుని అటూ ఇటూ తిప్పి, పైడమ్మ ఇచ్చిన అరటిపండు తీసుకుని పొమ్మన్నారు. నేను వెనక బల్ల మీద, అప్ప సరిగ్గా నా ముందు ఎడమ సీట్లో. బండి నలభై దాటదు. చెక్కంతా కిర్రుకిర్రుమంటూ మాట్లాడుతూనే ఉంటుంది. కిటికీకి అద్దం లేదు, చెయ్యి చాస్తే వరిచేను. ఆ కుర్రాళ్ళ పిచ్చి అప్పుడు అర్థమైంది నాకు. కుండా పొయ్యీ మనతోనే ఉంటే ఎక్కడికీ చేరాల్సిన తొందర ఉండదు.

ముందు ఇటుకల లారీ తగిలింది. బావ అడిగాడు, "ఖాళీయేనా?"

అప్ప మెడ ముందుకి చాచి చూసింది. "ఖాళీయే. పోనీ."

నేనూ చూశాను. ఎదురుగా బస్సు వస్తోంది. రెండు కరెంటు స్తంభాల దూరం లేదు. బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాను.

"ఆఁ, ఎల్తన్నాను" అన్నాడు బావ. అని కాలు కొంచెం ఎత్తాడు. బండి లారీ వెనకే ఉండిపోయింది. బస్సు గాలి కొట్టుకుంటూ పోయింది.

ఇంకాసేపటికి గడ్డిబండి. "ఖాళీయేనా?" "ఖాళీ." "ఆఁ." మళ్ళీ వెనకే. చౌక్‌తాన్ చేరేలోగా నాలుగుసార్లు అడిగాడు, నాలుగుసార్లు ఖాళీ అంది, ఒక్క బండినీ దాటలేదు. అడగాలని నాలుక దురద పెట్టింది గాని వాళ్ళిద్దరూ ప్రశాంతంగా ఉన్నారు.

నది ఒడ్డున

ఒడ్డున ఆపి వెనక తలుపు దించారు. పది నిమిషాల్లో పొయ్యి వెలిగింది. వెనకటికి ఇక్కడే రాత్రుళ్ళు పడుకునేవాళ్ళట, ఇప్పుడు ఉండనివ్వరు, చీకటిపడేలోగా వంతెన దాటెయ్యాలి. అప్ప చేప వేయిస్తుంటే, కింద స్ప్రింగు పట్టీలు చూపిస్తానని బావ నన్ను బండి కిందకి దూర్చాడు. అక్కడ అడిగేశాను.

"సూసీసినావా?" అన్నాడు. పట్టీ మీద మట్టి గోకాడు. "దాని కళ్ళకి నీటికాసులట. పోయిన సూపు రాదన్నాడు డాక్టరు. ఆ మాట నాకు సెప్పినాడు, దానికి సెప్పొద్దన్నాను. దానికి అంత తెలీదు, మబ్బుగా ఉంది అనుకుంటాది. ఏడాదై నాను ఎవర్నీ దాటలేదు."

"మరి అడగటం ఎందుకు బావా?"

"అడక్కపోతే అనుమానం రాదేటి? నలభై ఏళ్ళు నా పేణం దాని నోట్లో ఎట్టీసి తిరిగినాను. ఇప్పుడు సీటు దిగు అని ఏ నోటితో సెప్పీది? బండే లేకపోతే సీటూ లేదు. అందుకే అమ్మీస్తన్నాను. నువ్వు సెప్పకు."

సరేనన్నాను. చేపలు, వేడన్నం, పచ్చి మామిడికాయ. తిని బావ మడత మంచం మీద గురకపెట్టాడు. అప్ప ముళ్ళు వేళ్ళతో వెతికి తీసి నాకు పెడుతూ, గొంతు తగ్గించింది.

"మీ బావకి బయం పట్టుకుంది తమ్ముడూ. నాను ఖాళీ అంటాను, దాటడు. లారీ పొగ నా మొకానికి కొడతానే ఉంటాది. దాటితే ఆగాల గదా. ముసిలోడైపోనాడు. పరువు పోతాదని నాను ఏటీ అన్ను. బండి అమ్మీసుకుంటే హాయిగా ఇంటికాడ కూకుంటాడు."

"నీకు కనబడే అంటున్నావా అప్పా, ఖాళీ అని?"

ఆవిడ చేపముల్లు నది వైపు విసిరింది. "ఆ డాక్టరు గది తలుపు ఓరగా ఉండిపోనాది. నీటికాసులు అనడం ఇన్నాను. ఇంకా కొంచెం అగుపడతందనే మీ బావ అనుకుంటన్నాడు. అగుపడదని సెప్పీస్తే ఆయన బండి తియ్యడు. ఎలాగూ దాటడు గదా, నాను ఖాళీ అంటే ఏటి, కాదంటే ఏటి? నువ్వు సెప్పకు."

నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆవిడ అంటుంది. ఆ మధ్యాహ్నం నా నోట్లో రెండు గింజలు. అవతల మంచం మీద ఒకాయన, ఇవతల పొయ్యి దగ్గర ఒకావిడ, ఒకరినొకరు కాపాడుకోవడానికి ఇద్దరూ కలిసి ఆ బండిని ఇటుకల మీదకి ఎక్కిస్తున్నారు. నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది.

తిరుగుదారి

నేనొక ఉపాయం చేశాననుకున్నాను. "ఫోటోలు తీసుకుంటాను, వెళ్ళేటప్పుడు నేను ముందు కూర్చుంటా" అన్నాను. కళ్ళున్నవాడు ఆ సీట్లో ఉంటే అందరూ క్షేమం కదా. అప్ప ఒక్కక్షణం తటపటాయించి వెనక్కి వెళ్ళింది. ఎడమ చేతిని ఆ తలుపు గూటి అంచు మీద పెట్టుకుని కూర్చుంది.

ముప్ఫై ఏళ్ళు నడిపినవాణ్ణి, దారి చెప్పడం ఎంత అనుకున్నాను. రెండు మైళ్ళు బాగానే ఉంది. తాన్లిన్ ముందు ఒక మలుపు, చెట్లు. మలుపు తిరగ్గానే ఎదురుగా లారీ, నా ఎడమ పక్క నుంచి మీదికే వస్తున్నట్టు! అది ఉండాల్సిన చోటే ఉంది. అయినా ముప్ఫై ఏళ్ళు ఎడమ పక్కన నడిపిన నా ప్రాణానికి అది తెలియలేదు. మనమే తప్పు పక్కన ఉన్నాం అనుకుంది.

"ఎడమకి! ఎడమకి లాగు!" అని అరిచాను.

బావ చేతులు తిరిగాయి. నలభై ఏళ్ళు ఎడమ సీటు మాట విన్న చేతులు, ఆ సీట్లో ఎవరున్నారో చూడలేదు. బండి ముక్కు లారీ దారిలోకి జరిగింది.

"కుడికే ఉండు!" వెనక నుంచి అప్ప గొంతు. గట్టిగా కూడా కాదు, వంట చెప్పినట్టు.

చేతులు వెనక్కి తిరిగాయి. లారీ మా పక్క చెక్కని రాసుకుంటూ పోయింది. మూసిన తలుపు గూట్లోంచి అమ్మవారి పటం కింద పడింది. బండి మట్టిలోకి దిగి, ఇంజిన్ ఆగిపోయింది.

చంపేసేవాణ్ణి. ముగ్గుర్నీ నేనే చంపేసేవాణ్ణి, కళ్ళు రెండూ బాగా ఉండి.

బావ వెనక్కి తిరగకుండా అడిగాడు. "నీకెలా తెలిసిందే?"

"సప్పుడు ఎడమేపు నుంచి ఒస్తంది. అటెల్తే గుద్దీమా? దానికి కళ్ళేటి కావాలి?" అంది అప్ప. అన్నాక ఆగింది. మాట దాటిపోయిందని తెలిసింది.

"అగుపడదని నాకు తెలుసులే" అన్నాడు బావ.

"తెలిసీ ఏల అడుగుతన్నావు, ఏడాదై?"

"నువ్వు సెప్తావని."

"మరి దాటవేటి? నీకు బయమనుకున్నాను."

"దాటితే నిన్ను సంపీనా?"

అప్ప కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో అద్దంలో తేలలేదు. బావ స్టీరింగు మీద నుదురు ఆనించాడు. నేను సీటు దిగి, పడిపోయిన పటం తీసి గూట్లో బుద్ధుడి పక్కన పెట్టి, వెనక బల్ల మీదకి పోయి కూర్చున్నాను. అప్ప తడుముకుంటూ వచ్చి తన సీట్లో కూర్చుంది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఆదివారం

కో మిన్ క్రేన్ లారీతో వచ్చాడు. అప్పే మాట్లాడింది, అంతా బర్మీస్‌లో. సూ నా చెవిలో చెబుతోంది. బండి అమ్మడం లేదంది, తనకి కళ్ళు కనబడని సంగతీ దాచకుండా చెప్పేసింది. మేం ఇంక ఎవర్నీ దాటం, ఎంత ఆలస్యమైనా వెనకే పోతాం, దానికి ఎడమ సీట్లో కళ్ళు అక్కర్లేదు అంది. కూర్చోడానికి మనిషి ఉంటే చాలు అంది. ఆ కుర్రాడు మొహం చిన్నబుచ్చుకున్నాడు. తర్వాత బండి చుట్టూ ఒకసారి నడిచి, శనివారాలు కాళ్ళతో సహా తన తోటకి వస్తారా అని అడిగాడు. పొద్దున్న వచ్చి, వంటగట్టు దించి, సాయంత్రం వెళ్ళిపోవచ్చు.

"యాబాదే" అంది అప్ప. పర్లేదు, సరే అని. ఆ ఊళ్ళో అన్నిటికీ అదే జవాబు. క్రేన్ లారీకి ఊరికే కిరాయి అయింది, దాని డ్రైవర్ మాత్రం రెండు ప్లేట్ల పులుసన్నం తిని వెళ్ళాడు.

నేను ఆ రోజంతా మంచం మేకుల కొలతలు రాసుకున్నాను. ఇప్పుడు నా షెడ్డులో ఇనుప బందులు పెట్టడం మానేశాను. అరకు కుర్రాళ్ళు ఎందుకంటే, వానకి తెలుస్తుందిలే అంటున్నాను.

ఇన్సేన్ దారిలో

విమానాశ్రయానికి టాక్సీ చాలన్నాను. బావ ఒప్పుకోలేదు. బావమరిదిని టాక్సీలో పంపితే తమ పరువు ఏం కావాలట. ఇన్సేన్ మీదుగా వెళ్దాం, నాన్న స్ప్రింగు పట్టీలు సంపాదించిన రైలు కార్ఖానా చూపిస్తాను అన్నాడు. చూపించాడు, గోడ. గోడ గురించి పావుగంట చెప్పాడు. నేను వాచీ చూసుకుంటున్నాను. విమానానికి గంటా నలభై నిమిషాలుంది.

కార్ఖానా దాటాక ముందు ఒక సైకా తగిలింది. పక్క సీటున్న సైకిల్ రిక్షా అది. ఒకామె కొబ్బరికాయల గంప ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తొక్కేవాడు ముసలివాడు. మనిషి నడిస్తే అంతకన్నా ముందు పోతాడు.

బావ అలవాటుగా అడిగాడు. "ఖాళీయేనా?"

అప్ప మెడ ముందుకి చాచలేదు. వెనక్కి ఆనుకుని కూర్చుంది. "అగుపడ్డం లేదు" అంది.

"సరే. ఎనకే ఎల్దాం" అన్నాడు బావ.

నేను వెనక బల్ల మీంచి తల బయటికి పెట్టి చూశాను. ఎదురుగా అర కిలోమీటరు దాకా ఒక్క బండి లేదు. నాకు స్పష్టంగా కనబడుతోంది. నోరు మెదపలేదు.